తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు టైల్స్

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో టైల్స్ పరుస్తున్నాను. మా ముందు గది మాత్రం ఇంకా ఉత్త సిమెంటు నేలే. దానికి కారణం నా నోరు. మా అక్క మట్టి టైల్స్ చేసి బట్టీలో కాలుస్తుంది. పదేళ్ళ కిందట మా గదికి ఊరికే ఇస్తానంది. డబ్బు తీసుకుంటేనే అన్నాను. ససేమిరా అంది. అయితే నీ టైలు ఒక్కటి కూడా ఊరికే నా గడప దాటదని పదిమందిలో అనేశాను. కోపం ముక్కు మీదే ఉండే మనిషిని మరి. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు అసలే లేదు.

చేతుల నొప్పులతో అక్క ఈ ఏడు బట్టీ ఆపేసింది. చివరిగా కాల్చినవి పెరట్లో పరవమని నన్ను పిలిచింది. రెండంగుళాల చదరపు టైల్స్, మొత్తం తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు.

"ఒకటి మిగలకూడదు, ఒకటి కొయ్యకూడదు. నాలుగు మూలలున్న ఒకే నేలగా రావాలి. నీ వల్ల కాకపోతే నేను చెప్పినచోట పరవాలి. సరేనా?"

ఇదేమన్నా బ్రహ్మవిద్యా అన్నాను.

మూడు వరసలకి భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుకి ఐదు, పదకొండుకి ఏడు, పదమూడుకి రెండు. సిమెంటు బస్తా మీద పెన్సిలుతో మూడు రోజులు భాగించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అభిమానం చంపుకుని మా ఆవిడని అడిగాను. బళ్ళో లెక్కల టీచరు. కాగితం వైపు చూడనైనా చూడకుండా, అది ప్రధాన సంఖ్య, ఒకటీ అదీ తప్ప దాన్ని ఏదీ భాగించలేదంది. అయితే ఒకటే వరసలో పరుస్తానన్నాను. పరవండి, అర కిలోమీటరు పోతుంది, బస్టాండులో దిగి నడిచి రావచ్చు అంది.

"రెండు చతురస్రాలుగా మాత్రం వస్తుంది. అదీ ఒక్కటే తీరు. ఎనభై రెండుకి ఎనభై రెండు, యాభై ఏడుకి యాభై ఏడు."

అక్క దగ్గరికెళ్ళి ఓడిపోయాను, రెండు చతురస్రాలుగానే వస్తుందన్నాను. పెద్ద చతురస్రం పెరట్లో అతికినట్టు సరిపోయింది. చిన్నది ఎక్కడ పరవమంటావని అడిగాను.

"మీ ముందు గది కొలత ఎంతరా?"

తొమ్మిదిన్నర అడుగులకి తొమ్మిదిన్నర. వరసకి సరిగ్గా యాభై ఏడు టైల్స్. కొలత మా ఆవిడ ఇచ్చిందట. రెండు నేలలకీ లెక్కపెట్టి కాల్చింది అక్క. మొత్తం కూడి, ఏ అంకెకీ లొంగదని కనిపెట్టి, పందెం నేర్పింది మా ఆవిడ. వదినా మరదళ్ళు కలిసి నన్ను చక్కగా బుట్టలో వేశారు. కోపం రావలసింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఊరికే ఇవ్వట్లేదురా, పందెంలో ఓడావు," అంది అక్క.

చివరి టైలు ఆమె చేతికే ఇచ్చాను. మా గడప పక్కన చతికిలబడి, వంకర తిరిగిన వేళ్ళతో అదిమి పెట్టింది. టైల్స్ తెచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి వెతికాను. ఒక్కటీ మిగల్లేదు.