మోకాలెత్తు చింత

మరో గుప్పెడు ఆకులు జలజల రాలాయి.

"ఎవరు ముట్టుకున్నరు దీన్ని?" స్వర్ణలత అరిచింది.

తొట్టిలో ఉన్నది చింతచెట్టు. ఎత్తు మోకాలి దాకా, మొదలు మాత్రం మనిషి తొడంత లావు. రావిర్యాలలో పొలం అమ్మేశాక, జేసీబీ గట్టు మీదికి రాకముందే దాన్ని మొద్దుగా నరికి, వేళ్లతో సహా తవ్వి శంషాబాద్‌లోని ఈ మేడ మీదికి తెచ్చింది ఆమే. నాలుగేళ్లుగా కొమ్మకొమ్మకూ తీగ చుట్టి, వంచి, కత్తిరించి బోన్సాయ్‌గా మలుస్తోంది. ఆ పొలంలో ఆ కుటుంబానికి మిగిలింది ఇదొక్కటే.

నిన్న పచ్చగా ఉంది. ఈ పొద్దున ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి.

వేరుకుళ్లయితే ఇంకొన్ని నీళ్లు పోస్తే చస్తుంది. ఎవరైనా ఏదైనా వేసి ఉంటే, మట్టి కడిగేలా నీళ్లు పోయకపోతే చస్తుంది. ఏది నిజమో ఎండ ముదిరేలోగా తేలాలి.

ఆమె చూపు అన్న ఉపేందర్ మీద ఆగింది.

"నన్నెందుకు చూస్తవ్?"

"హోటలోళ్లకు అమ్ముదామన్నది నువ్వే కదనే."

"అమ్ముదామన్న గని సంపుదామన్ననా? సచ్చిన చెట్టును ఎవడు కొంటడు? దిమాక్ ఉందా నీకు?"

అదీ నిజమే. పిట్టగోడ పక్కన గొంతుక్కూర్చున్న తండ్రి కుర్మయ్య, వెలిగించని బీడీని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"నా చేతుల పడ్డ ఏ చెట్టన్న మోకాలెత్తుల ఆగిందా? తిండి పెట్టక మాడ్చినవ్ బిడ్డా దాన్ని."

"బాపూ, జర ఊకో."

ఆమె మొదలు చుట్టూ ఉన్న పాచిని గోటితో ఎత్తింది. కింద తెల్లటి పలుకు ఒకటి, సగం కరిగి ఉంది. ఉప్పా? తడి వేలితో నలిపింది. వేలు చల్లబడింది.

ఆ చల్లదనం ఆమెకు తెలుసు. చిన్నప్పుడు వరి మడిలో తడి చేతులతో పట్టుకున్న గంపలోని ఎరువుది.

"యూరియా! అన్నా, పైపు తే. ఉరుకు!"

నీళ్లు తొట్టి నిండి, అడుగు చిల్లుల్లోంచి ధారకట్టాయి. బట్టలారేయడానికి వచ్చిన తల్లి అనంతమ్మ బకెట్ దించింది.

"యూరియానా? కింద బెండ చెట్లకని మొన్ననే సంచి తెచ్చె కద మీ..."

ఆగిపోయి భర్త వైపు చూసింది.

కుర్మయ్య పెదవులు కదిలాయి. అప్పుడే రన్‌వే మీంచి లేచిన విమానం మేడ మీదుగా పోయింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. మోత దూరమైంది. పైపు చప్పుడొక్కటే మిగిలింది.

"గట్టిగ చెప్పు," అంది అనంతమ్మ. "ఎవలేసిండ్రు?"

కుర్మయ్య తన అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"జర ఎదుగుతదేమోనని... ఒక్క గుప్పెడే," అన్నాడు. "కుర్మయ్యే ఏసిండు. ఇంకెవలు?"