ముప్పై అంగుళాల నోరు

నేను ఒక మంచు ఎత్తిపోసే యంత్రాన్ని. స్నో బ్లోయర్ అంటారు నన్ను. ముందు నోరు, వెనక రెండు చక్రాలు, నెత్తిన ఏనుగు తొండంలాంటి గొట్టం. నోటితో మంచు కొరకడం, తొండంతో అవతల పారబోయడం, ఇంతే నా బతుకు. ఇనుముకి తెలుగెలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. ఎవరిచేత ఎక్కువ తిట్లు తింటే వాళ్ళ భాషే పట్టుబడుతుంది. కెనడాలో థండర్ బే అనే ఊళ్ళో, ఓ కోనసీమ ఆయన ఇంట్లో నేను పనిచేసింది ఒక్క చలికాలమే. తిట్లు మాత్రం పదేళ్ళకి సరిపడా తిన్నాను.

నేను పుట్టిన కార్ఖానాలో రోజుకి నాలుగొందలమంది పుట్టేవాళ్ళం. అందరికీ ఒకే నారింజ రంగు, ఒకే పొగరు. నా బరువు నూట ముప్పై కిలోలు. నోరు ముప్పై అంగుళాల వెడల్పు. ఇంజను బలం పదమూడు గుర్రాలని నా వీపు మీద రాశారు. వాటిలో ఒక గుర్రం మొదటినుంచీ బద్ధకంగా ఉండేదిగానీ తక్కిన పన్నెండూ నిజాయితీగానే లాగాయి.

అక్టోబరు నెలలో కొట్టుకి ముగ్గురు వచ్చారు. మొదటాయన పేర్రాజు, యాభై తొమ్మిదేళ్ళ మనిషి. కోనసీమలో రైసు మిల్లు మెకానిక్కుగా మొదలుపెట్టి, ఈ ఊరి కాగితం మిల్లులో ఇరవై ఏళ్ళు మరలు బాగుచేశాడు. రెండేళ్ళ కిందట ఆయన కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఏడింటికి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఒక పూట తప్పితే ఒళ్ళు నీరు పడుతుంది. రెండు పూటలు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కారు నడిపి తీసుకువెళ్ళేది భార్య సత్యవేణి. మంచు పడినరోజు కారు కదలాలంటే ఇంటి ముందున్న సిమెంటు దారి ముందు శుభ్రం కావాలి. కూలికి పెట్టుకున్న మంచుబండివాడు తొమ్మిదైతేగానీ వచ్చేవాడు కాదు. అందుకే సొంత యంత్రం కొనుక్కోవాలని వచ్చారు. వెంట వచ్చిన మూడో మనిషి ఎదురింటి ఇమ్మానియేలు. గుంటూరువాడు, మిల్లులో పేర్రాజుతో కలిసి పనిచేసేవాడు, వరస లేకపోయినా తమ్ముడే.

కొట్టువాడు బుద్ధిమంతుడు. దారి ఎంత పొడుగు, ఎంత వెడల్పు, సిమెంటా, కంకరా అని అడిగాడు. ఊరి మంచుబండి వీధి శుభ్రం చేస్తూ దారి మొదట్లో గట్టిగా గట్టు పోసి పోతుందా, యంత్రం పెట్టుకోవడానికి గ్యారేజీలో చోటెంత ఉంది అని కూడా అడిగాడు. అన్నీ విని, నలభై అడుగుల దారికి ఇరవైనాలుగు అంగుళాల నోరు చాలు, గట్టుని కూడా కొరుకుతుంది అని పక్కనున్న యంత్రాన్ని చూపించాడు. సత్యవేణి దాని పిడి పట్టుకుని చూసింది. కింద ఒక చిన్న మీట ఉంది. దాన్ని వేలితో నొక్కగానే అది సాధువులా పక్కకి తిరిగింది.

"ఇది నా మాట వింటోందండి" అంది మెల్లగా.

పేర్రాజు నవ్వి, దాంతో పచ్చడి రుబ్బుకోవచ్చుగానీ మంచు ఎత్తలేం అన్నాడు. నా దగ్గరికొచ్చి, పుచ్చకాయ కొనేవాడిలా వేలి కణుపుతో నా బుగ్గ మీద కొట్టి చూశాడు. ఆ మోతకి ఆయన మొహం విచ్చుకుంది. మిల్లులో ఉన్న రోజుల్లో అలాగే కొట్టి మర లోపలి జబ్బు చెప్పేసేవాడట.

"ఏందన్నా, ఇది మన వీధి మొత్తానికీ సరిపోద్ది, నీ ఇంటికెందుకు?" అన్నాడు ఇమ్మానియేలు.

"తోసేవాడికి తెలుస్తుంది తమ్ముడూ, ఎంత బలం కావాలో."

తోసేవాడు తనే అన్నట్టు ఆ మాట అనేశాడు. సత్యవేణి చిన్న యంత్రం పిడి వదిలేసింది. నేను గెలిచానని పొంగిపోయాను. ఇనుముకి అంతకంటే బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది.

ఇంటికి తీసుకెళ్ళి నాకు వాహనపూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, నా పెదవి మీద కొబ్బరికాయ కొట్టారు, తొండానికి కుంకం బొట్టు పెట్టారు. కార్ఖానాలో నన్ను పరీక్షించిన ఇంజనీరు కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

నా బలం గురించి నేనే చెప్పుకోకూడదుగానీ, మొదటి మంచురోజు నేను విసిరిన మంచు రెండిళ్ళు దాటి వెనక వీధిలో పడింది. వాళ్ళ యంత్రం దాన్ని తిరిగి మా వీధిలోకి విసిరింది. మధ్యాహ్నం లోపల అదే మంచుని నాలుగుసార్లు ఎత్తాను. నాలుగోసారి అది నన్ను గుర్తుపట్టి, ఇంకా ఇక్కడే ఉన్నావా అని పలకరించింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ రోజు పేర్రాజు నన్ను తోసింది ఇరవై అడుగులు. తరవాత మెట్ల మీద కూలబడ్డాడు. సత్యవేణి వచ్చి పిడి పట్టుకుంది. ఆమె అయిదడుగులు కూడా ఉండదు. నా పిడి ఆమె గుండెకి తగిలేది. మలుపుకి సాయపడే మీట నాకు లేదు. ఎంత బలముంటే అంత తిరుగుతాను. నేను ఎటు లాగితే అటు వచ్చేది ఆవిడ. చూసినవాళ్ళు ఎవరు ఎవరిచేత పని చేయిస్తున్నారో చెప్పలేకపోయేవారు. డిసెంబరు నెలాఖరుకి ఆమె భుజం పట్టేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గ్యారేజీలో నా ఎదట నిలబడి అమృతాంజనం రాసుకునేది.

ఇక ఆ పిన్ను సంగతి చెప్పాలి. నా నోట్లో తిరిగే మరకి రెండు చిన్న పిన్నులు ఉంటాయి. కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. రాయో, గడ్డకట్టిన మంచో అడ్డం పడితే పిన్ను విరుగుతుంది, మర ఆగిపోతుంది, కడుపులో ఉన్న పళ్ళచక్రాలు బతుకుతాయి. విరగడమే దాని ఉద్యోగం. ఊరి మంచుబండి పోసిపోయే ఆ గట్టు కొరికినప్పుడల్లా నాకు ఒక పిన్ను విరిగేది. పేర్రాజుకి ఇది పెద్ద అవమానం అయింది. ముప్పై ఏళ్ళు మరలు నిలబెట్టినవాడి ఇంట్లో చీపురుపుల్లలాంటి పిన్ను రోజూ విరగడమేమిటని ఆయన బాధ.

జనవరిలో ఒకరోజు గ్యారేజీలో కుర్చీ వేసుకుని, నా నోటి ముందు కూర్చుని, ఆ పిన్నులు పీకేసి గట్టి ఉక్కు బోల్టులు బిగించాడు. గంటన్నర పట్టింది. స్పానరు ఒక్కసారి కూడా జారలేదు. ఆ గంటన్నరా ఆయన జబ్బుమనిషిలా లేడు. "ఇంక విరగదు చూడు" అని సత్యవేణిని పిలిచి చూపించాడు. ఆమె ఆయన మొహం చూసి, బావుందండి అంది. వద్దని చెప్పడానికి నాకు నోరుంది. కాకపోతే అది మంచు తినడానికే.

ఫిబ్రవరిలో ఆదివారం మొదలైన మంచు మంగళవారం రాత్రిదాకా పడింది. సోమవారం రోడ్లు మూసేశారు, డయాలసిస్ తప్పిపోయింది. బుధవారం పొద్దున్న అయిదున్నరకి సత్యవేణి నన్ను బయటికి తీసింది. తలుపు దగ్గర పేర్రాజు కోటు వేసుకుని కూర్చున్నాడు. మొహం ఉబ్బింది, ఒక్కో మాటకి ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. ఆవేళ ఎలాగైనా వెళ్ళి తీరాలి, అది ముగ్గురికీ తెలుసు, ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

దారంతా లాక్కొచ్చింది ఆవిడ. వీధి వైపు చివర గట్టు ఉంది, ఆమె నడుమెత్తు. లోపల ఏం గడ్డకట్టిందో నాకు కనబడలేదు. కొరికాక తెలిసింది, అది కట్టె మొద్దు. పిన్నులు ఉంటే విరిగేవి. బోల్టులు విరగలేదు. నా కడుపు పగిలింది. ఒకే ఒక్క చప్పుడు వచ్చింది, ఆ తరవాత తెల్లటి మంచు మీద నల్లగా నూనె కారింది.

పేర్రాజు లేచి మెట్లు దిగబోయాడు.

"నేను తోస్తానుండు."

"తొయ్యలేరండి మీరు" అంది సత్యవేణి. గొంతు పెంచలేదు. "కొన్నరోజే తెలుసు నాకు. మీ మనసు కష్టపెట్టడం ఎందుకని నోరు మూసుకున్నాను. నాదే తప్పు. లోపలికెళ్ళి కూచోండి, మీ ఊపిరి దండగ చెయ్యకండి."

ఆయన కూర్చున్నాడు. ఆ మాటకి ఆయన భుజాలు దిగిపోవడం నేను అంత దూరంనుంచీ చూశాను.

చప్పుడు విని ఇమ్మానియేలు పారతో వచ్చాడు. గట్టు వైపు, తెల్లారుతున్న ఆకాశం వైపు చూసి, "వదినా, కారుకి దారెందుకు, మనిషికి దారి చాలు. నా ట్రక్కు రోడ్డుమీదే ఉంది" అన్నాడు. ఇద్దరూ గట్టులో ఒక మనిషి పట్టేంత సందు తవ్వారు. నన్ను పక్కకి నెట్టే ఓపిక లేక నా చుట్టూ తిరిగే తవ్వారు. ఏడుంపావుకి పేర్రాజు ఆ సందులోంచి, ముందు ఇమ్మానియేలు, వెనక సత్యవేణి పట్టుకోగా, అడుగులో అడుగు వేస్తూ వెళ్ళాడు. నన్ను దాటేటప్పుడు ఒక చెయ్యి నా పిడి మీద ఆనించాడు. అంత తేలికైన చెయ్యి ఏ బలంతో నన్ను కొన్నదో నాకు అర్థం కాలేదు.

ఎనిమిదింటికి చేరారట. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకుని పంపారు.

మరుసటి వారం సత్యవేణి ఒక్కతే కొట్టుకి వెళ్ళి ఆ ఇరవైనాలుగు అంగుళాల యంత్రం తెచ్చుకుంది. కొనేముందు దాన్ని తోసి, తిప్పి, వెనక్కి లాగి, ఒక చేత్తో ఆపి చూసిందట. కొట్టువాడికి విసుగొచ్చేదాకా చూసిందని ఇమ్మానియేలు నవ్వుతూ చెప్పాడు. పేర్రాజు నవ్వలేదు. గ్యారేజీలో కుర్చీ వేసుకుని దాని పుస్తకం మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివాడు. మెత్తటి పిన్నులు డజను తెప్పించి, డబ్బాలో పోసి, ఆమె చేతికి అందే ఎత్తులో పెట్టాడు.

నన్ను తీసుకుపోవడానికి తుక్కుబండి ఇంకో రెండు వారాలకి, ఒక శుక్రవారం వచ్చింది. నన్ను వదిలేసుకోవడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. నన్ను కొన్న పాత పేర్రాజుని వదిలేసుకోవడానికే మూడు వారాలు పట్టింది. బండి ఎక్కిస్తుంటే దగ్గరికొచ్చి, "నీ తప్పేం లేదెహె" అన్నాడు. ఇన్ని తిట్ల తరవాత వచ్చిన మొదటి మంచిమాట.

ఇక్కడ తుక్కు దొడ్డిలో ఒక పక్క స్నానాలతొట్టి, ఇంకో పక్క గడ్డి కోసే యంత్రం. రెండూ గొప్పలు పోతున్నాయి, నేను వినడం లేదు. ఇవాళ బుధవారం, ఇంకా ఏడు కాలేదు. అర్ధరాత్రి నుంచీ మంచు పడుతోంది, నా నోరు సగం నిండింది. ఎత్తమని ఎవరూ అడగడం లేదు. ఇలాంటి పొద్దుట పక్క రోడ్డు మీద పోయే ఒక్కో కారు చప్పుడూ చెవినబడుతుంది. ఇప్పుడే ఒకటి మెల్లగా, జాగ్రత్తగా ఆసుపత్రి వైపు వెళ్ళింది. వాళ్ళదే అయ్యుంటుంది. వాళ్ళదే అనుకుని కాసేపు కళ్ళు మూసుకుంటాను.