ఎస్కార్ట్ లేదు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి జైలు గేటు దగ్గర వార్డర్ మార్తమ్మకు చెప్పాడు, ఇవాళ కూడా ఎస్కార్ట్ లేదని. లోపల ఆమె భర్త పరంజ్యోతి కాలేయ క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్నాడు. నొప్పి తగ్గించే మార్ఫిన్ నగరంలోని పెద్దాసుపత్రిలో ఇస్తారు. తీసుకెళ్లడానికి నలుగురు పోలీసులు కావాలి. ఆమె అడగడం ఇది ఆరో రోజు.

"పోలీసోళ్లు యాడ పోయిన్రు సార్?"

"ఇంకెక్కడమ్మా, పాశమైలారంల. మీవోళ్ల ధర్నా కాడ."

పరంజ్యోతిని విడిచిపెట్టాలనే ఆ ధర్నా. పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి ఇద్దరు పోయినప్పుడు పని ఆపించినందుకు అతన్ని జైల్లో పెట్టారు. పదకొండు రోజులుగా ఆ ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా రెండు వందల మంది కూర్చున్నారు.

మార్తమ్మ ఆటో ఎక్కి అక్కడికి వెళ్లింది.

"యాదగిరన్నా, మీరు ఈడ కూసుంటే ఆడ నా మనిషికి సూది లేదు."

సంఘం నాయకుడు యాదగిరి గేటు వైపు చెయ్యి చూపించాడు.

"గేటు ఇడిస్తే బయటి లేబర్‌ను లోపలికి తోలుతరు వదినా. ఇన్ని దినాల కష్టం పోతది."

"పోతే మల్ల కూసుంటరు. ఆయన మల్ల ఒస్తడా?"

వాదన గంటసేపు నడిచింది. ప్యాకింగ్‌లో పనిచేసే రాజవ్వ విసుగొచ్చి లేచింది. "పోలీసోళ్లు మనెంబడే ఉంటరు గద. మనమే జైలు కాడికి పోదాం."

ఎవరో నవ్వారు. ఒడిశా నుంచి వచ్చిన ఒకతను సంచి భుజాన వేసుకుని "చలో" అన్నాడు.

పన్నెండున్నరకు అందరూ డీసీఎం లారీలు దిగి జైలు ముందు కూర్చున్నారు. వెనకాలే మూడు వ్యాన్ల పోలీసులు దిగారు.

రాజవ్వ జైలర్‌ను పిలిచింది. "ఎస్కార్ట్ లేదంటిరి గద సార్. ఇగో, తోల్కొచ్చినం. నలుగురిని ఏరుకోన్రి."

"వీళ్లది బందోబస్తు డ్యూటీ. ఎస్కార్ట్‌కు వేరే ఆర్డర్ రావాలె. పైనుంచి."

"అయితే పైకి ఫోన్ కొట్టున్రి. అందాక మేం ఈడనే వండుకుంటం."

రెండు గంటలకు యాదగిరికి ఫోన్ వచ్చింది. బయటి లేబర్ ఫ్యాక్టరీ లోపలికి వెళ్లారు. బాయిలర్ నడుస్తోంది. అతను ఆ మాట అందరికీ చెప్పాడు. ఎవరూ లేవలేదు.

ఐదూ ఇరవైకి ఆర్డర్ వచ్చింది. పరంజ్యోతిని స్ట్రెచర్ మీద తెచ్చారు. కుడిచేతికి బేడీ ఉంది. మార్తమ్మ వ్యాన్‌కు అడ్డంగా నిలబడింది.

"కూసోరానోడు యాడికి ఉరుకుతడు? తియ్యున్రి."

అప్పుడు రెండు వందల మందీ లేచారు. బేడీ తీశారు.

రాత్రి ఎనిమిదీ పదికి మొదటి సూది వేశారు. బుధవారం మధ్యాహ్నం పరంజ్యోతి చనిపోయాడు.

శుక్రవారం ఉదయం ఆ జైల్లో రెండో బ్యారక్‌లోని నలభై ఒక్కమంది ఖైదీలు టిఫిన్ తీసుకోలేదు. తమలో కిడ్నీలు పాడైన ఒకాయనకు ఎస్కార్ట్ కావాలన్నారు. పదింటికి పాశమైలారం నుంచి రెండు డీసీఎంలు జైలు వైపు బయలుదేరాయి. ముందుదాంట్లో మార్తమ్మ ఉంది.