ఒక్క రాయీ మిగలకూడదన్నారు

రేవు ఆఫీసులో ఆస్తుల విభాగం మేనేజరు ప్యో అంటే నాకు మొదటినుంచీ పడదు. మా యార్డులోకి అడుగుపెట్టగానే ముందు నేలవైపు చూస్తాడు, తర్వాత కప్పువైపు చూస్తాడు, ఆఖరికి నావైపు చూస్తాడు. మొన్న లేనిది ఇవాళ ఏదో కట్టేసి ఉంటానని అనుమానం. కల్‌పో రేవులో పెళ్ళయిన మర్నాటినుంచీ చేపల పడవలు బాగుచేస్తున్నదాన్ని, దొంగను చూసినట్టు చూస్తే ఒళ్ళు మండదా?

మా యార్డు అంటే పెద్దదేమీ కాదు. నాలుగు పడవలు పక్కపక్కన లాగి నిలబెట్టేంత చోటు, ఒక రేకుల షెడ్డు, ఒక లాగుడు యంత్రం. సుత్తులతో తుప్పు రాలగొట్టి, అడుగున పట్టిన గుల్ల గీకి, రంగులు వేసే ఆడవాళ్ళం ఆరుగురం. అందులో ఒకతి మా ఆడబిడ్డ పున్నే. యార్డు పెట్టింది వాళ్ళ నాన్న, అంటే మా మామగారు. ఆయన పోయాక మా ఆయన నడిపాడు, మా ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నేల మాత్రం మాది కాదు, రేవువాళ్ళది. మూడేళ్ళకోసారి లీజు తిరగరాయించుకోవాలి. వాళ్ళ అనుమతి లేకుండా ఇటుకమీద ఇటుక పెట్టకూడదు. వెళ్ళిపోయేటప్పుడు పెట్టిందంతా తీసేసి, మొదట తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. లీజు చేతికిచ్చిన ప్రతిసారీ ప్యో ఈ మాట పాఠం చదివినట్టు చదివి వినిపించేవాడు.

పాయఖానా కట్టుకుంటామని అడిగాను. కుదరదన్నాడు. ఆరుగురు ఆడవాళ్ళం బస్టాండు దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. నేలమీద సిమెంటు వేసుకుంటామని అడిగాను. శాశ్వత నిర్మాణానికి వీల్లేదన్నాడు. వానలో రాళ్ళు జారి పున్నే చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టుతో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ అడిగాను. కట్టువైపు చూసి అయ్యో అన్నాడు, కాగితం మీద మాత్రం అదే ముద్ర కొట్టాడు. అప్పటినుంచీ పున్నే కుంటుతూనే నడుస్తుంది.

ఆ రాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మామగారు లీజు తీసుకున్ననాడు అక్కడ నేలే లేదు. రేవు గట్టు కింద బురద ఉండేది. పోటు వస్తే నిలువెత్తు నీళ్ళు, పాటు తీస్తే మోకాలిలోతు బురద. పాటులో పడవను బురదమీదకు ఒరగబెట్టి, మళ్ళీ నీళ్ళు వచ్చేలోపు పని ముగించేవాడాయన. అలా కుదరదనుకుని ఒక ఆనవాయితీ పెట్టాడు. బాగుచేయించుకోవడానికి వచ్చే ప్రతి పడవా తన దీవినుంచి ఒక మోపు రాళ్ళు వేసుకుని రావాలి. తేనివాడి పడవమీద సుత్తి పడేది కాదు. ఆయన తర్వాతా అంతే. ఎవరో నల్లరాయి తెచ్చేవాళ్ళు, ఎవరో ఎర్రరాయి తెచ్చేవాళ్ళు. పున్నే పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ రాళ్ళు పేర్చడమే ఆటగా పెరిగింది. అలా పడవ పడవకీ ఇంత చొప్పున బురద నేలయింది. రేవువాళ్ళు తట్టెడు మట్టి కూడా పొయ్యలేదు. నేల గట్టిపడ్డాక మాత్రం వచ్చి కొలుచుకుపోయి అద్దె పెంచారు.

పోయిన శరత్కాలంలో ప్యో స్వయంగా నోటీసు పట్టుకొచ్చాడు. ఏడాది ఆఖరుతో లీజు సరి, మళ్ళీ ఇవ్వరు. ఆ చోట పన్నెండంతస్తుల హోటలు వస్తోంది.

మర్నాడే ఆఫీసుకు వెళ్ళాను. అరవడానికి కాదు, అడగడానికే వెళ్ళాను. రేవు ఉత్తరం మూల పాత వలల గోదాము పక్కన ఖాళీ స్థలం పడి ఉంది. అదిస్తే యార్డు అక్కడికి మార్చుకుంటాను. చిన్న పడవలు బాగుచేసే యార్డు ఈ చుట్టుపక్కల మాదొక్కటే, అది మూతపడితే దీవులవాళ్ళు దిక్కులేనివాళ్ళవుతారు, మా ఆరుగురి పొట్టలూ ఎండుతాయి అని చెప్పాను. ఆ స్థలం కూడా ప్రణాళికలో ఉందన్నాడు. ఏ ప్రణాళిక అంటే నీళ్ళు నమిలాడు.

"పోనీ, నేల మేం వేసుకున్నది కదా. దానికన్నా ఏమైనా లెక్క కట్టి ఇవ్వండి," అన్నాను.

"ఓనరుగారూ, మీరు వేసిందేదీ మా లెక్కలోకి రాదు. మీరు పెట్టారు, మీరే తీసుకెళ్ళండి. షెడ్డు, యంత్రం, చెత్తాచెదారం, అన్నీ."

"రాళ్ళు కూడానా?"

"ఒక్క రాయీ మిగలకూడదు. మొదట ఎలా తీసుకున్నారో అలా అప్పగించాలి. లేకపోతే మేమే తీయించి ఆ ఖర్చు మీ నెత్తిన వేస్తాం."

యార్డులో గుట్టపోసిన నాలుగు రాళ్ళ గురించి అంటున్నాననుకున్నాడు కాబోలు. వాడు ఈ ఉద్యోగంలోకి వచ్చేసరికే నేల గట్టిపడి ఏళ్ళయింది, ఆ గట్టు కింద బురద వాడెప్పుడు చూశాడు గనక? నాకూ ఆ నిమిషాన ఏమీ తట్టలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

తట్టించింది వాళ్ళే. పంట పండగ వెళ్ళిన వారానికి, ఇంకా లీజు నాపేర ఉండగానే, హోటలువాళ్ళు మా యార్డులో శంకుస్థాపనకు దిగారు. దుష్టశక్తులు తిరగని మంచిరోజట, మళ్ళీ అంత మంచిరోజు శీతాకాలం దాటేదాకా లేదట. నన్నొక మాట అడిగిన పాపాన పోలేదు. పొద్దున్నే వెళ్ళేసరికి నాలుగు గుంజలు పాతి డేరా వేసి ఉంది. బల్లమీద ఉడికించిన పందితల, దాని నోట్లో శుభానికని దూర్చిన నోట్లు, బియ్యపు రొట్టెలు, కల్లు కుండ. హోటలు కంపెనీ పెద్దమనిషి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పక్కన మన ప్యో, ఇస్త్రీ సూటు మడత నలగకుండా ఒంగి పందితలకు దణ్ణం పెడుతున్నాడు.

నేరుగా వాడి పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"మేనేజరుగారూ, డేరాకి అనుమతి కాగితం ఉందా?" అన్నాను.

ప్యో నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, పెద్దలముందు పరువు తియ్యొద్దు, గంటలో అయిపోతుంది అని గొణిగాడు.

"మా పాయఖానాకి పనికిరాని నేల వీళ్ళ గుంజలకి పనికొచ్చిందేం? మా పున్నే కాలు విరిగినప్పుడు ఈ నేలకి లేని జాలి పందితలకు వచ్చిందా?"

వాడు సూటు దులుపుకుని మళ్ళీ పందితల దగ్గరకే పోయాడు. నేను ఆడవాళ్ళవైపు చూశాను. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పైన నిలబెట్టి ఉన్న ఇనుప పడవ దగ్గరకు ఆరుగురం వెళ్ళి సుత్తులు అందుకున్నాం. ఆరు సుత్తులు ఒక్కసారి ఇనుముమీద పడితే పక్కమనిషి అరిచినా వినపడదు. కంపెనీ పెద్దమనిషి ప్రార్థన చదువుతున్నాడని పెదవులు కదలడం చూస్తేనే తెలిసింది. తుప్పు పొడి గాలికి లేచి వాళ్ళ కల్లులో పడింది. చదివింది సగంలో ఆపి, పందినోట్లో పెట్టిన నోట్లు మాత్రం గబగబా లాక్కుని కార్లెక్కారు. తల అక్కడే వదిలేశారు. మధ్యాహ్నం కోసుకుని కిమ్చీ ఊరగాయతో నంజుకు తిన్నాం. బాగానే ఉడికింది.

తింటూ ఉండగా నాకు ప్యో మాట మళ్ళీ చెవిలో పడ్డట్టయింది. ఒక్క రాయీ మిగలకూడదు. చేతిలో ముక్క అలాగే పట్టుకుని కింద నేలవైపు చూశాను. సిమెంటు వెయ్యనివ్వలేదు కదా వీళ్ళు. అన్నీ విడిరాళ్ళే. ఎలా వచ్చాయో అలాగే పోతాయి.

అనుకున్నది చెప్పేసరికి నలుగురు నవ్వారు. పున్నే నవ్వలేదు.

"వదినా, అది మా నాన్న వేసిన నేల. నీ పంతం కోసం మా నాన్న చేసింది తవ్వి పారేస్తావా?"

"వాడు దానిమీద హోటలు కడితే మీ నాన్న సంతోషిస్తాడా?"

"నేలైనా ఉంటుంది కదా. ఎవడిదైనా నేల ఉంటుంది."

"మనకి లేనిది వాడికెందుకుండాలి?"

అంతే. ఆ రోజునుంచీ పున్నే నాతో మాట మానేసింది. పనికి రావడం మానలేదు, పక్కనే కూర్చుని సుత్తి కొట్టేది, అన్నం గిన్నె నాముందు తోసేది, నోరు మాత్రం విప్పేది కాదు. ఆమె బాధ నాకు తెలియక కాదు. నాకూ లేకపోలేదు. మా ఆయన నడుము పట్టేసినా రాళ్ళు సర్దడం మానేవాడు కాదు, ఆయన చేతులు పడని రాయి అక్కడ లేదు. కానీ వాడి పందితల తలుచుకుంటే బాధ కోపం కిందకు పోయేది.

దీవుల పడవలన్నిటికీ పెద్దదిక్కు తాక్ కెప్టెన్ అని ముసలాయన. కబురు పెట్టగానే వచ్చాడు. విని చాలాసేపు తల గోక్కున్నాడు. మా దీవి రాళ్ళు మేం తీసుకుపోతాం, సముద్రపు నాచు పెంచే తాళ్ళకు బరువులు కావాలి ఎలాగూ అన్నాడు. తర్వాతి పాటునుంచీ మొదలైంది. ఏ పడవ వస్తే అది ఒక మోపు ఎత్తుకుపోయేది. సముద్రంవైపునుంచి తీసుకుంటూ వచ్చాం, అందుకని రోడ్డుమీదనుంచి చూసేవాళ్ళకి షెడ్డూ గేటూ ఎప్పట్లాగే కనిపించేవి. ఒకసారి ప్యో కారు గేటుముందు ఆగింది. యార్డు ఖాళీ చేస్తున్నారా అని అద్దంలోంచే అడిగాడు. చేస్తున్నాం సారూ, చెప్పినట్టే అన్నాను. మంచిది, అందరూ ఇలా సహకరిస్తే గొడవే ఉండదని మెచ్చుకుని పోయాడు. దిగి పది అడుగులు వేస్తే కనిపించేదే, బూట్లకు మట్టి అంటుతుందని దిగలేదు.

ఏడాది చివరికి షెడ్డు విప్పాం, యంత్రం తాక్ కెప్టెన్ దీవికి పంపాం. అడుగున మిగిలిన పెద్దరాళ్ళకు పొక్లెయిన్ పిలిపించాం. లీజు ఆఖరిరోజు మధ్యాహ్నం పోటు వచ్చే వేళకు గట్టు కింద ఉన్నది బురదే. అదే సమయానికి హోటలు ఇంజనీరు నేల కొలవడానికి వచ్చాడట. కాసేపటికి ప్యో పరిగెత్తుకుంటూ వచ్చాడు. గట్టుమీద నిలబడి కిందకు చూసినవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ముందు గుడ్లురిమాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశావు, కేసు పెడతానన్నాడు. మీరు చెప్పిందే చేశానన్నాను. మొదట ఎలా ఇచ్చారో మీ ఆఫీసులో ముసలివాళ్ళెవరైనా ఉంటే అడగమన్నాను. అప్పుడు గొంతు తగ్గింది. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. నేలను ఉన్నదున్నట్టు వదిలే మినహాయింపు కోరుతున్నానని నేను సంతకం పెట్టాలి, పాత తేదీ వేసుకుంటాడు. అప్పుడు కాగితంమీద నేల ఉన్నట్టే లెక్క, మరమ్మతు పేరుతో వాళ్ళే మళ్ళీ రాళ్ళు పోసుకోవచ్చు. లేకపోతే సముద్రం పూడ్చడానికి రాజధానినుంచి కొత్త అనుమతి రావాలి, అది ఏళ్ళ పని, హోటలువాళ్ళు ఆగరు.

"సరే. ఉత్తరం మూల స్థలం ఇవ్వండి, ఇప్పుడే పెడతాను," అన్నాను.

నిజంగానే పెట్టేదాన్ని. యార్డుంటే చాలు నాకు. వాడు అక్కడే నిలబడి డైరెక్టరుకు ఫోను చేశాడు. అవతలి మనిషి గొంతు పెద్దది, నాకు కూడా వినపడింది. ఎవరో పడవల ముసలిదాని కోసం రేవు ప్రణాళిక మారుస్తామా, దానిచేత సంతకం చేయించలేకపోతే నువ్వెందుకు అన్నాడు.

ప్యో ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు. అమ్మా అనడం అదే మొదటిసారి.

జాలి వేయలేదంటే అబద్ధం. పెళ్ళాం పిల్లలున్నవాడు. కానీ పక్కన పున్నే కుంటికాలు మార్చి నిలబడడం చూశాను. సంతకం పెట్టనన్నాను. పోటునీళ్ళు వచ్చి గట్టును తాకేదాకా వాడు ఆ కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆఖరికి వాడి ఉద్యోగం పోలేదు. హోటలు మాత్రం పోయింది, వేరే ఊరి రేవుకు. చలి తగ్గగానే మేం మామగారు చేసిన పనికే దిగాం. పాటులో పడవను బురదమీద ఒరగబెట్టి, నీళ్ళు తిరిగొచ్చేలోపు సుత్తులు ఆడించి, మళ్ళీ పోటుకు లేపడం. పని సగమైంది, కూలీ సగమైంది. నడుము దాకా బురద. నేల ఉన్నప్పటి సుఖం గుర్తొచ్చి మొదటిరోజు ఏడ్చాను కూడా.

రెండోరోజే ప్యో గట్టుమీద ప్రత్యక్షమయ్యాడు. చేతిలో నోటీసు, జిగురుడబ్బా. నీటిభాగం కూడా రేవుదేనట, అనుమతి లేకుండా వాడుతున్నామట. నోటీసు వాడుతున్న చోటే అతికించాలి, ఫొటో తీసుకెళ్ళి చూపించాలి, అప్పుడే అది చెల్లుతుంది. వాడు కింద అటూ ఇటూ చూశాడు. గోడ లేదు, గుంజ లేదు, షెడ్డు లేదు. పడవకు అతికిస్తే పోటుకు వెళ్ళిపోతుంది. బూట్లవైపు చూసుకున్నాడు, బురదవైపు చూశాడు.

నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి పున్నే సుత్తి ఆపి తలెత్తింది.

"దిగి రండి సారూ, వెతుకుదాం. అతికించుకోడానికి ఎక్కడైనా ఒక్క రాయి మిగిలిందేమో."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్ని నెలల తర్వాత మా ఆడబిడ్డ పనిలో నోరు విప్పడం అదే మొదలు, అదీ నాతో కాదు. మళ్ళీ తల దించుకుని సుత్తి కొట్టడం మొదలుపెట్టింది.