ఊపకూడని మందు

మా చెల్లెలు మెరన్‌కి జ్వరం రావడం మానేసిందని దాని మొగుడు, మా మరిది ఎర్లెండ్ దీవంతా చెప్పుకున్నాడు. ఇంటర్‌ఫెరాన్ సూది పడ్డ ప్రతిసారీ దుప్పట్లో గజగజ వణికే పిల్ల, ఈ వసంతంలో సూది వేయించుకుని, లేచి గొర్రెపిల్లలకు పాలు పట్టింది.

"మందు ఒంటికి పట్టింది వదినా!" అన్నాడు. నేనూ సంబరపడి బార్లీ రొట్టెలు కాల్చి పంచాను.

ఉన్ని కత్తిరించే రోజులకి మెరన్ ఎడమకన్ను మసకబారింది. ఆర్క్నీ దీవుల్లో పుట్టినవాళ్ళం, ఇక్కడ ఎందరికో వచ్చే ఈ నరాల జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్, మాకు కొత్త కాదు. కానీ మందు వాడుతుండగా ఇదేం ఖర్మ?

నర్సు జెస్సీ వచ్చింది. "మందెలా కలుపుతున్నావో చూపించు" అంది, ఇంట్లో సూది వేసే ఎర్లెండ్‌తో.

ఎర్లెండ్ దర్జాగా పొడిలో నీళ్ళెక్కించి, సీసాను గలగలా ఊపాడు.

"ఆపు! ఆపవయ్యా!" జెస్సీ అరిచింది.

"అదేంటి సిస్టర్? గొర్రెల టీకా బాగా ఊపకపోతే అడుగున పేరుకుపోదూ?"

"ఇది గొర్రెల టీకానా నాయనా? మెల్లగా తిప్పాలంతే. ఊపితే కంటికి కనపడకుండా ముద్దకట్టి చెడిపోతుంది."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఒంటికి కాపలా కాసే కణాలే మెదడు మీదా, కంటి నరం మీదా పడుతున్నాయి, నీ కాపలా కుక్కే నీ గొర్రెల మందను కరిచినట్టు. ఈ మందు వాటికి నీ ఈల లాంటిది. వింటే బయటే ఆగుతాయి. చెడిన మందు పడీపడీ, ఒళ్ళు ఆ మందునే శత్రువనుకుని చంపడం నేర్చిందేమో!"

"అందుకేనా జ్వరం పోయింది?" అన్నాను నేను.

"కొందరికి అలవాటై కూడా పోతుందమ్మా. రక్తం పరీక్షిస్తే తెలుస్తుంది."

తెలిసింది. జెస్సీ భయపడిందే నిజం. ఎంత మంచి ఇంటర్‌ఫెరాన్ తెచ్చినా మెరన్‌కి ఇక పనిచేయదట. ఊపడం వల్లే అని ఖాయంగా చెప్పలేమంది జెస్సీ. ఎర్లెండ్ చెవికి అదెక్కితేగా! గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దౌర్భాగ్యుడా! నా చెల్లెలు నీకు గొర్రెలా కనపడిందా? రొట్టెలు పంచానురా నేను, రొట్టెలు!"

"అక్కా, ఊరుకో" అంది మెరన్. మంచి కన్నుతో జెస్సీని చూసింది. "ఇంకో రకం మందుందా సిస్టర్?"

"ఉందమ్మా. అదీ సూదే."

"అయితే ఆయనకే నేర్పండి" అంది. "ఆయన చేత్తో వేస్తే నాకు నొప్పి తెలియదు."