అమ్మను పిలిచే దెబ్బ

మా మారెన్న బావకు కొత్తది కనబడితే చాలు, పాతది చేదెక్కుతుంది. అదీ ఆయన జబ్బు. ఒకప్పుడు పత్తికొండ చుట్టుపక్కల పెళ్లికైనా జాతరకైనా ఆయన సన్నాయీ నా డోలూ ఉండాల్సిందే. బళ్లారిలో దొరల బ్యాండు చూసొచ్చిన ఏడాదే ఆయన సన్నాయిని అటకెక్కించి క్లారినెట్టు కొన్నాడు. మాకందరికీ ఎర్రకోట్లు కుట్టించాడు. నడివేసవి ఎండలో ఆ కోట్లలో ఉడికి చచ్చాం. తర్వాత నాటకాల మోజు వచ్చింది, మేళంలోకి హార్మోనియం దిగింది. ఆపైన టాకీలు. ఊరేగింపుల్లో జనం టాకీ పాటలకే చిందులేస్తున్నారని నా డోలు మాన్పించి మెడకు పెద్ద డ్రమ్ము తగిలించాడు.

సుంకులమ్మ జాతరకు మాత్రం డోలు తప్పదు. అమ్మను పిలిచే దెబ్బ ఒకటుంది. అది మా వంశంలోదే. అది వింటేనే గిడ్డమ్మవ్వ ఒంటి మీదికి అమ్మ వచ్చి వాన సంగతి చెబుతుంది. ఆ దెబ్బ వేసినంత కాలమే జాతర హక్కు మా మేళానిది. బావ పెద్దరికమంతా ఆ హక్కుతోనే నిలిచింది.

వానల్లేని రెండో ఏడు అది. జాతర ఊరేగింపులో రెడ్డి ఒకాయన డోలు వాయించమని అడిగాడు. బావ నవ్వాడు.

"డోలా? ముసిలోళ్ల వాద్యమప్పా అది. మా సుంకప్పకు ఇంకేమీ రాదని పెట్టుకోనుండా."

జనమంతా నా వైపు చూశారు. ముప్పై ఏళ్లు ఆయన వెంట తిరిగినందుకు దక్కిన మర్యాద అది. నాకు ఒళ్లు మండిపోయింది.

గుడి ముందు గిడ్డమ్మవ్వ తడిచీరతో, వేపమండలతో నిలబడింది. బావ నాకు సైగ చేశాడు. నేను డోలు ఎత్తలేదు.

"గుర్తు రాలేదు బావా," అన్నాను.

"ఏమప్పా, ఎగతాళా? కొట్టప్పా, ఊరంతా చూస్తాండారు."

"మర్చిపోయినా."

బావ క్లారినెట్టు మీదే ఏదో వాయించాడు. అవ్వ శానాసేపు కళ్లు మూసుకుని నిలబడి, చివరికి మండలు కింద పెట్టి కూర్చుంది. జాతర హక్కుకు గుర్తుగా మాకిచ్చే తాంబూలం ఆత్మకూరు మేళం చేతికి పోయింది. బావ తలెత్తలేదు. అప్పుడు నాకు హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు.

నాలుగు రోజులు ఆయన అన్నం ముట్టలేదని మా అక్క గురమ్మ ఏడ్చింది. అయిదోనాడు పొద్దున్నే ఆయనే మా ఇంటికొచ్చాడు. నాకంటే పెద్దవాడు, వంగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పు నాదే సుంకప్పా. డ్రమ్ము తగిలిచ్చి తగిలిచ్చి నీ చేతుల్లో విద్య చంపితి. హక్కు పోతే పోనీ. నన్ను మన్నించప్పా."

గుర్తుందని అప్పుడే చెప్పాల్సింది. కానీ నేనే పెద్దమనసు చేసుకుని క్షమించినట్టు, "పోనీలే బావా," అన్నాను.