సీలు విప్పని చేతులు

పడవకి కొత్త ఇంజను కొని నెల తిరక్కుండానే, సరిగ్గా నది మధ్యలో అది దగ్గి దగ్గి నోరు మూసేసింది. పడవ నిండా అవతలి ఒడ్డున పనులకు పోయే జనం. పడవవాడు దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, తెడ్డు వేసుకుంటూ ఎలాగో ఒడ్డుకు చేర్చాడు. పాపం, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ రేపటి నుంచి వాళ్ళంతా రేవులోని రెండో పడవ ఎక్కితే తన బతుకేమిటి?

ఫోను చేస్తే, మనిషి రావడానికి వారం పడుతుందన్నారు కంపెనీవాళ్ళు. ఈలోగా ఎవరైనా ఇంజను సీలు విప్పారో, గ్యారంటీ పోయినట్టే. మరో ఇంజను కొనే స్తోమత అతనికి ఈ జన్మకి లేదు.

పడవవాడి అక్క మొగుడు మెకానిక్కు, షెడ్డు ఒడ్డునే. పాత ఇంజను బాగుచేసి ఇస్తానంటే, కాదని గ్యారంటీ ఉన్నది కొన్నాడని బావగారు మూతి ముడుచుకున్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. అయినా కబురు తెలియగానే పానాల సంచీతో పరుగున వచ్చాడు.

"విప్పెయ్ బావా! సీలూ లేదు, గీలూ లేదు."

బావ తాడు లాగి, చెవి ఆనించి విన్నాడు. జబ్బేమిటో తెలిసిపోయింది. వేళ్ళు దురద పెట్టాయి. అయినా సంచీ మూతి బిగించాడు.

"నేను విప్పను."

"ఇంకా కోపమేనా?"

"కోపం ఉంది. అది వేరే సంగతి. ఇవాళ నేను బాగుచేస్తాను, రేపు ఇంకో భాగం పోతే, గ్యారంటీ లేకుండా ఎవడిస్తాడురా? ఇంకో తెడ్డుందా?"

జన్మలో తెడ్డు పట్టని మనిషి. మొదటి రోజు పడవ గిర్రున తిరిగింది. ఎక్కినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ ఇద్దరూ చెమటలు కక్కుతుంటే చూసి, రెండో పడవ ఎక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు.

వారానికి కంపెనీ మనిషి వచ్చాడు. సీలు తడిమి చూసి, విప్పి, లోపల తయారీలోనే దెబ్బతిన్న భాగం తీసి కొత్తది పైసా తీసుకోకుండా బిగించాడు. ఇంజను హాయిగా అందుకుంది.

"నిజం చెప్పండి, ఎవరూ చెయ్యి పెట్టలేదా? పక్కనే మెకానిక్కు షెడ్డుంటే ఎవరూ ఆగరే!" అన్నాడు నవ్వుతూ.

పడవవాడు బావ చెయ్యి పట్టి ముందుకు లాగాడు. అరచేతి నిండా చిట్లిన పొక్కులు.

"మెకానిక్కేనండీ... మా బావ..." ఈ మనిషి రుణం ఎలా తీర్చుకోవాలో అతనికి తెలియలేదు.

"వదలరా, మండుతోంది" అన్నాడు బావ.

పడవవాడు వదల్లేదు.